నూకవానిపాలెం పటానికి సముద్రం అతికించిన రోజు

పల్లెల్లో జనంతో కలిసి పటాలు గీసే పని పెట్టుకున్నవాళ్ళు నన్ను తరచుగా ఒకటే అడుగుతుంటారు. డబ్బు పెట్టక్కర్లేకుండా, ఇంటర్నెట్ లేని చోట కూడా నడిచే మ్యాపు సాఫ్ట్‌వేర్ ఏది మంచిదని. ఈమెయిళ్ళకి విడివిడిగా జవాబులు రాసి రాసి విసుగొచ్చింది. పైగా నేను రాసిన జవాబులన్నీ సీతమ్మధారలో మా ఆఫీసు గదిలో, ఫ్యాను కింద కూర్చుని రాసినవే. అందుకే మొన్న మాఘమాసంలో నూకవానిపాలెం నుంచి పిలుపు వచ్చినప్పుడు, మేం వాడుతున్న రెండు ఉచిత సాఫ్ట్‌వేర్లనూ అక్కడికే పట్టుకెళ్ళి, ఏది నిలబడుతుందో చూసి రాద్దామనుకున్నాను. వాటి పేర్లు మాత్రం రాయను. ఈ ఏడు ఉన్నది పై ఏటికి మారిపోతుంది, లేదా మాయమైపోతుంది. ఏం చూసుకుని ఎంచుకోవాలో తెలిస్తే పేరు మీరే వెతుక్కోగలరు.

పిలుపు వెనక సంగతి ఇది. నూకవానిపాలెం స్టీల్ ప్లాంటు దాటాక దక్షిణం వైపున్న చిన్న జాలరి పల్లె. వాళ్ళు పడవలు లాగే ఇసుక తీరం మీదుగా ఒక కంపెనీ గోదాములకి రోడ్డు వేస్తామని మండలాఫీసులో కాగితం అంటించారు. ఆ కాగితంతో ఉన్న పటంలో ఇసుకంతా తెల్లగా ఖాళీగా ఉంది. ఖాళీ కాదంటే, అక్కడ ఊరివాళ్ళు ఏమేం చేసుకుంటున్నారో పటం గీసి ఇమ్మన్నారు. గడువు నాలుగు రోజుల్లో ముగుస్తుంది. వలలు ఆరబెట్టే చోటు, చేపలు ఎండేసే చోటు చూపించడం కష్టం కాదు. పల్లెకి బెంగంతా ఉత్తరపు చివరన రాళ్ళు పాతిన చోటు గురించి. సముద్రంలో పోయి శవం కూడా దొరకని మగవాళ్ళకి ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. పోయినవాడి లుంగీ, చేతి గుడ్డ మూటకట్టి ఆ ఇసుకలో పూడ్చి, మీద ఒక రాయి పాతుతారు. రోడ్డు పడేది సరిగ్గా ఆ రాళ్ళ మీదుగానే.

తెల్లవారుతూనే మద్దిలపాలెం జంక్షన్లో బస్సెక్కాను. నాతో రమేష్ వచ్చాడు. మా బృందంలో కంప్యూటరు పనులన్నీ అతనివే, నన్ను అక్కా అంటాడు. ఒళ్ళో లాప్‌టాప్ సంచి, అప్పు తెచ్చిన జీపీఎస్ పరికరం, ఉపగ్రహ చిత్రాన్ని పెద్దగా ప్రింటు తీయించిన కాగితం చుట్ట. ఆ లాప్‌టాప్ బ్యాటరీ రెండు గంటలకి మించి రాదు, బరువు మాత్రం బియ్యం మూటంత. పిల్లిని చంకన పెట్టుకుని పెళ్ళికి వెళ్తున్నట్టుందని నేనంటే, పిల్లి అయితే తన కాళ్ళ మీద తను నడుస్తుంది కదక్కా అన్నాడు. ఎన్.ఏ.డి. దాటి గాజువాక చేరేసరికి గంట పట్టింది. అక్కడ ఇడ్లీ తిని, ఇంకో బస్సులో కూర్మన్నపాలెం వెళ్ళి షేర్ ఆటో పట్టుకున్నాం. అందరూ నిండేదాకా కదలడు కాబట్టి అరగంట అక్కడ పోతుందని లెక్కేసుకోండి. మనిషికి పది రూపాయలు, కాగితం చుట్టకి ఏమీ అడగలేదు.

డ్రైవరు రమేష్ ఈడువాడే. ఆ చుట్టలో ఏముందని అడిగి, పటమని తెలిసాక రమేష్‌తో అన్నాడు.

"పటాలు గీసినోళ్ళు శానామంది వొచ్చెల్లారు బావా. ప్లాంటుకి గీసినప్పుడు మా తాతగారి ఊరు కూడా గీసేరు. గీసేక ఊరు నేదు."

నేను ఈ నగరంలోనే పుట్టి పెరిగాను. మా నాన్న పోర్టులో ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి వచ్చారు. ప్లాంటులో మా బంధువుల్లో సగంమంది పనిచేస్తారు, వాళ్ళ క్వార్టర్లలో పెళ్ళి భోజనాలు తిన్నాను. ఆ నేల మీద అంతకుముందు ఊళ్ళుండేవని తెలుసు, కానీ ఆ ఊరి మనవడి ఆటోలో ఎప్పుడూ కూర్చోలేదు. పల్లె దగ్గర దింపుతూ అతను, ఈసారి జాగర్తగా గీయమని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు.

పల్లె పెద్ద ఎల్లయ్యగారు చేపలు వేలం వేసే గట్టు దగ్గర మాకోసం చూస్తున్నారు. అరవై దాటిన మనిషి, మాట తక్కువ. వేట నుంచి వచ్చిన పడవలు అప్పటికే ఒడ్డెక్కాయి, గట్టు కడిగేశారు. ఆ తడి సిమెంటు మీదే ముగ్గుపిండితో పల్లె గీయమన్నాం. ఆడవాళ్ళు, మగవాళ్ళు కలిసి ఇళ్ళు, గుడి, బోరింగు, వలలారేసే చోటు, ఒక్కో పడవ చోటు గీశారు. సముద్రాన్ని తమ కాళ్ళ వైపు, కొండల్ని తలవైపు పెట్టారు. పడవ మీంచి వస్తున్నప్పుడు పల్లె కనపడే తీరు అది. మా ప్రింటులోనేమో ఉత్తరం పైకి ఉంటుంది, సముద్రం కుడిచేతి పక్కకి పోతుంది. కాగితం విప్పగానే ఇది మా ఊరు కాదన్నారు. కాగితాన్ని తిప్పి పరిచాక అందరూ ఒక్కసారే వంగి ఎవరి ఇల్లు వాళ్ళు వెతుక్కున్నారు.

ఇక్కడే మొదటి సాఫ్ట్‌వేర్ కాస్త ఇబ్బంది పెట్టింది. విశ్వవిద్యాలయాల్లో వాడే పెద్ద సరుకు అది, చెయ్యలేని పని ఉండదు, కానీ ఏ పనికైనా పది మెట్లు దిగి ఎక్కాలి. జీపీఎస్ పట్టుకుని ఊరంతా తిరిగి తెచ్చిన గుర్తుల్ని అందులో ఎక్కించేసరికి బ్యాటరీలో మూడోవంతు ఖర్చయింది. రెండోది చిన్నది. సీడీ పెడితే తెరుచుకుంటుంది, వెనక బొమ్మ ఉన్నా లేకపోయినా గీత గీస్తుంది, గీసినదాన్ని మన లాప్‌టాప్‌లోనే దాచుతుంది. మూడోది కూడా ఒకటుంది, దాన్ని ఇంటి దగ్గరే వదిలేసి వచ్చాం. ఉపగ్రహ చిత్రాలు అందంగా చూపిస్తుంది, ముందే దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. కానీ మనం పెట్టిన గుర్తులు నెట్ తగిలిన మరుక్షణం పైకి వెళ్ళి లోకమంతటికీ కనబడతాయి. దాన్ని వదిలెయ్యడానికి పొద్దున నేను చెప్పుకున్న కారణం నెమ్మదిగా నడుస్తుందని మాత్రమే.

మధ్యాహ్నానికి రాళ్ళ చోటుకి వెళ్ళాం. గవ్వలు, ఎండిన సముద్రపు తీగ, మోకాలెత్తు రాళ్ళు. కొన్నింటికి పసుపు పూసి ఉంది. ఒక్కో రాయి దగ్గర ఆ ఇంటివాళ్ళు నిలబడితే రమేష్ గుర్తు తీసుకున్నాడు. చివర రెండు రాళ్ళు కొత్తవి. రెండేళ్ళ కిందటి తుఫానుకి పోయిన పడవలో ముగ్గురున్నారని, ఇద్దరి ఇళ్ళవాళ్ళు రాళ్ళు పాతారని, మూడో ఇల్లు పాతలేదని ఒకావిడ నెమ్మదిగా చెప్పింది. ఆ మూడో మనిషి ఎల్లయ్యగారి తమ్ముడే.

తమ్ముడి భార్య పోలమ్మ. మాకు వండిపెట్టింది ఆవిడే. ఎల్లయ్యగారి వసారాలో వేడన్నం, కవ్వళ్ళ చేపల పులుసు పెట్టింది. నలభై దాటలేదు. చేతులకి గాజులున్నాయి, నుదుట బొట్టుంది. గాజువాక బజారుకి చేపల గంప మోస్తుందట. పిల్లలిద్దర్నీ చదివిస్తోంది. చింతపండు ఎక్కువైందేమోనని నన్ను రెండుసార్లు అడిగింది. లేదని చెప్పి నిజంగానే మళ్ళీ వేయించుకున్నాను.

భోజనం అయ్యాక ఎల్లయ్యగారు అసలు విషయం ఎత్తారు. తుఫానుకి ముగ్గురు పోయారని పోలీసు కాగితాల్లోనూ మండలాఫీసులోనూ ఉంది. పటంలో రెండు రాళ్ళే చూపిస్తే, మూడోది ఏదని అడుగుతారు, అడిగి ఆ రెండింటినీ కూడా దొంగ రాళ్ళంటారు. కాబట్టి మూడో గుర్తు కూడా పెట్టించాలి, రాయి తర్వాత పాతుకోవచ్చు. ఊరివాళ్ళంతా కూడబలుక్కున్న మాటేనని అర్థమైంది. అందరూ పోలమ్మ వైపు చూడకుండా నా వైపు చూస్తున్నారు. ఆవిడ గిన్నెలు సర్దడం ఆపి గుమ్మంలో నిలబడి, మావ అని పిలుచుకునే భర్త గురించి బావగారితో అంది.

"ఆ ఇసకలో మా మావ నేడు బావా. నేనోడికి గుర్తెట్టి ఏటి సేత్తారు?"

ఊరి గురించి ఆలోచించమని ఒక ముసలాయన అన్నాడు. రెండేళ్ళయింది, ఇంకా వస్తాడని ఎదురుచూడటం పిల్లలకి కూడా మంచిది కాదన్నాడు. దానికి ఆవిడ చెప్పిన జవాబు నాకు మాట పొల్లుపోకుండా గుర్తుంది.

"వొత్తాడని నాను ఎప్పుడూ అన్నేదు. సచ్చిపోనాడని నాకు తెల్సు. ఎక్కడ సచ్చిపోనాడో అదే తెల్దు. మా బావకి తెల్సు. సెప్పడు."

పక్కన కూర్చున్న ఆడవాళ్ళు మెల్లగా నాకు సంగతి చెప్పారు. తుఫాను రోజున వెనక్కి తిరిగిన చివరి పడవ ఎల్లయ్యగారిదే. తమ్ముడి పడవని ఆయన చివరిసారి చూసిన చోటు నీళ్ళ కింద బండలున్న చోటు. చేప అక్కడ దండిగా పడుతుంది. సముద్రంలో ఆ చోటు గుర్తుపట్టడానికి ఒడ్డు మీద ఏ గుర్తు ఏ గుర్తుతో ఒక వరసలోకి రావాలో ఆయన తండ్రి ఆయనకి మాత్రమే చెప్పాడు. అలాంటి జాడలు ఆ పల్లెలో ఇంటి సొత్తు, పక్కింటివాడికి కూడా చెప్పరు. ఇక మనిషి పోయిన నీళ్ళు ఇవీ అని ఆ ఇంటి ఆడవాళ్ళకి చూపించకూడదని మరో పట్టింపు. అన్నిటికీ మించి, ఆ ఊళ్ళో ఆడవాళ్ళు పడవ ఎక్కరు. కాబట్టి ఎంత అడిగినా పోలమ్మ ఆ చోటుకి వెళ్ళే దారి లేదు. బండల జాడ బయటపడితే వేట పోతుందని ఎల్లయ్య దాస్తున్నాడని ఊళ్ళో కొందరు అనుకునేవారు. ఆవిడ కూడా అలాగే అనుకుంది. ఒకే వాకిట్లో ఉంటూ రెండేళ్ళుగా బావకి అన్నం పెడుతూనే ఆ మాట మనసులో పెట్టుకుంది.

మేం వెళ్ళిపోవడమే మంచిదేమోనని నేను లేవబోయాను. అప్పుడు ఎల్లయ్యగారు లాప్‌టాప్ వైపు చూపించి, నేను ఊహించని ప్రశ్న అడిగారు. ఈ పెట్టెలో గీసింది ఎక్కడికి పోతుంది, ఎవరు చూస్తారు అని.

పొద్దున్నుంచీ నేను వేగం గురించి, బ్యాటరీ గురించి లెక్కలేసుకుంటున్నాను. ఆయనకి కావలసింది ఈ ఒక్క జవాబే. ఈ చిన్న సాఫ్ట్‌వేర్లో గీసింది ఈ పెట్టెలోనే ఉంటుందని, వద్దంటే మీ ముందే చెరిపేస్తామని, మండలాఫీసుకిచ్చే పటంలో ఏది కనపడాలో ఏది కనపడకూడదో మీరే చెప్పవచ్చని వివరించాను. రమేష్ ఒక గుర్తు పెట్టి, దాన్ని దాచి, మళ్ళీ చూపించి, చివరికి చెరిపేశాడు. ఎల్లయ్యగారు అందరినీ బయటికి వెళ్ళమన్నారు. వసారాలో ఆయన, పోలమ్మ, మేమిద్దరం మిగిలాం.

ఆయన ప్రింటు మీద వేలు పెట్టి రెండు వరసలు చెప్పారు, ఆ రెండూ సముద్రంలో కలిసేదే ఆ చోటు. వాటిని నేనిక్కడ రాయను. ప్లాంటు పొగగొట్టాల్లో ఒకటి వాటిలో ఉందని మాత్రం చెప్పగలను. వాళ్ళ నాన్న నేర్పినప్పుడు అక్కడ పొగగొట్టం లేదట, తాటిచెట్టు ఉండేదట. చెట్టు పోయాక గొట్టాన్ని పట్టుకుని కొత్తగా గుర్తు చేసుకున్నారు. రమేష్ స్కేలు పెట్టి మొదటి గీత గీశాడు. రెండోది గీశాడు. రెండు గీతలూ ఒకదానికొకటి దగ్గరవుతూ వచ్చి, కలవకముందే కాగితం అయిపోయింది. మండలాఫీసు అడిగింది నేల పటం కాబట్టి, మేం ఒడ్డు దాటి కాస్త నురగ కనపడేంతవరకే ప్రింటు తీయించాం. లాప్‌టాప్‌లో దించుకున్న బొమ్మ కూడా అక్కడితోనే సరి.

పోలమ్మ కాగితం అంచు అవతల ఖాళీగా ఉన్న వసారా నేల వైపు చూస్తూ ఉంది. రమేష్ సంచిలోంచి తెల్ల చార్టు కాగితం తీసి, ప్రింటు అంచుకి టేపుతో అతికించాడు. గీతల్ని దాని మీదికి సాగదీశాడు. అవి కలిసిన చోట పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి, ఆవిడకి పెన్ను అందించాడు. ఆవిడ పెన్ను తీసుకోలేదు. కింద కూర్చుని ముందు తన ఇల్లు వెతుక్కుంది. బొటనవేలు తన ఇంటి కప్పు మీద ఆనించింది. చెయ్యి పూర్తిగా చాచి చిటికెనవేలు ముందుకి పెట్టింది. అది సరిగ్గా ఆ చుక్క మీద పడింది.

"ఇంతేనేటి బావా? జానెడేనేటి?"

ఎల్లయ్యగారు అవునన్నట్టు తలూపారు. ఆవిడ చెయ్యి తీయలేదు.

"ఇంత దగ్గిర్నున్నాడా. నాను సంద్రమంతా ఎతికేను రోజూ, ఈ గుమ్మంలో కూకుని."

అప్పుడు ఆయన ఏడ్చారు. పెద్దమనిషి, పరాయివాళ్ళ ముందు, మొహం కూడా దాచుకోకుండా. తను మళ్ళీ ఆ బండల మీద వల వెయ్యలేదని చెప్పారు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆ వరసలోకి పడవ పోనివ్వలేదట. గొట్టం వరసలోకి రావడం చూస్తే చాలు, చుక్కాని తిప్పేసేవాడినన్నారు. దాచింది చేప కోసం కాదని, నీకు ఎలా చెప్పాలో తెలియకనని అన్నారు. పోలమ్మ చాలాసేపటికి చెయ్యి తీసి, పైట కొంగుతో మొహం తుడుచుకుంది. ఆయన వైపు తిరిగి చెప్పింది.

"ఎల్లు బావా. ఎల్లి వలెయ్యి. ఆడు ఒక్కడూ ఉన్నాడక్కడ."

నేను లేచి బయటికి వచ్చేశాను. బయట గట్టు మీద ముగ్గుపిండి పల్లె సగం చెరిగిపోయి ఉంది, మేకలు దాని మీదుగా నడిచాయి.

సాయంత్రానికి పటం పూర్తి చేశాం. మండలాఫీసుకి ఇచ్చేదాంట్లో రాళ్ళన్నీ ఉన్నాయి, కొత్తవి రెండూ ఉన్నాయి. మూడోవాడికి పోలమ్మ ఒప్పుకున్న గుర్తు ఏమిటంటే, ఒడ్డు నుంచి సముద్రం లోపలికి ఒక బాణం, దాని పక్కన "మూడో మనిషి నీళ్ళలో ఉన్నాడు" అనే మాట. చోటు లేదు, పేరు లేదు. ఆ మాట ఊరివాళ్ళందరికీ చదివి వినిపిస్తే, రాయి పాతమన్న ముసలాయన కూడా సరేనన్నాడు. రమేష్ ఆ గీతల్ని చిన్న సాఫ్ట్‌వేర్లో కూడా గీసిన ఫైలుని సీడీకెక్కించి ఎల్లయ్యగారికిచ్చి, ఆయన చూస్తుండగా లాప్‌టాప్‌లోంచి తీసేశాం. ఆ ఇంట్లో కంప్యూటరు లేదు. అయినా ఆయన దాన్ని గుడ్డలో చుట్టి, వల అల్లే సూదులుండే పెట్టెలో పెట్టారు. అతికించిన కాగితం పోలమ్మ దగ్గర ఉండిపోయింది. చీకటి పడుతుండగా చివరి షేర్ ఆటో దొరికింది. మీరు వెళ్తే ఆరున్నర లోపు ఊరి మొదట్లో ఉండండి, ఆ తర్వాత నడకే.

రోడ్డు సంగతి ఈ రాత రాసే నాటికి తేలలేదు. పటం తీసుకున్నారు, చూస్తామన్నారు, సముద్రం మీద బాణం ఎందుకని ఎవరూ అడగలేదట. తేలకపోవచ్చు కూడా, ఆటో డ్రైవరు మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. ఇన్నేళ్ళుగా నేను ఈ పని చేస్తూ, పటం అనేది ఆఫీసులో ఉన్నవాళ్ళకి పల్లె గురించి చెప్పడానికే అనుకున్నాను. ఆ రోజు పటం ఒక వాకిట్లో ఉన్న ఇద్దరికి పనికొచ్చింది. పడవ ఎక్కకూడని మనిషి తన చేత్తో అక్కడిదాకా వెళ్ళొచ్చింది. అంతకన్నా గొప్ప పని నా చేతుల మీదుగా ఎప్పుడూ జరగలేదు, అందులో నా గొప్ప ఏమీ లేకపోయినా.

ఇక మీరడిగిన దానికి జవాబు. పల్లెకి పట్టుకెళ్ళే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు, ముందు ఇంట్లో నెట్ తీసేసి ఒక చుక్క పెట్టి చూడండి. ఆ చుక్క ఎక్కడ దాగుతుందో, ఎవరు అడిగితే చెరుగుతుందో మీరు పల్లెవాళ్ళకి రెండు మాటల్లో చెప్పలేకపోతే, ఎంత గొప్పదైనా దాన్ని ఇంటి దగ్గరే వదిలెయ్యండి. సముద్రం పక్కకి వెళ్తుంటే ప్రింటు ఒడ్డు దగ్గర ఆపకండి, తెల్ల కాగితమూ టేపూ పెట్టుకోండి. మేం తర్వాత గీతలూ చుక్కా లేకుండా సముద్రంతో కలిపి ఒకే కాగితం మీద చక్కగా ప్రింటు తీయించి పోలమ్మకి పంపాం. ఆవిడ దాన్ని వెనక్కి పంపేసింది. అతుకు ఉన్నదే తనకి కావాలట, తను చెయ్యి పెట్టింది దాని మీదేనట.